నమూనా రైలుమార్గంలో పాయింట్లు: నమ్మదగిన విద్యుత్ సంధానం

రైలుబండికి త్రోవ ఎంచుకొనే స్వాతంత్ర్యం లేదు. నందిగామ కూడలిలో బస్సు ఎటు తిరగాలన్నది డ్రైవరు చేతిలోని చక్రం నిర్ణయిస్తుంది. రైలు విషయంలో ఆ నిర్ణయం ఇంజనులో లేదు, నేలమీద ఉంది. కాజీపేట - విజయవాడ మార్గంలో మోటుమర్రి వద్ద ఒక శాఖ చీలి మన జగ్గయ్యపేట వైపు వస్తుంది. మన ప్రాంతపు సిమెంటు బస్తాలు ఆ దారినే దేశం మీదికి పోతాయి. అక్కడ బండిని ఇటో అటో మళ్ళించేది రెండు సన్నని ఉక్కు నాలుకలు. వాటి అమరికనే రైల్వేవారు పాయింటు అంటారు. హిందీ, ఉర్దూ మాట్లాడేవారు దానినే కాంటా అని, దానిని కదిపే ఉద్యోగిని కాంటేవాలా అని పిలుస్తారు. తెలుగులో కాంటా అంటే తూకపు త్రాసు. రెంటిలోనూ ఒక చిన్న ములుకు కదలికలో పెద్ద బరువుల గతి నిర్ణయమవుతుందన్నది గమనార్హం.

ఈ వ్యాసానికి విషయం ఆ పెద్ద కాంటా కాదు, దాని చిన్న నమూనా. విజ్ఞాన ప్రదర్శనలకు రైలుమార్గం నమూనా తయారుచేయాలన్న ఉత్సాహం విద్యార్థులలో తరచు కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మల వంటి ఇళ్ళు, రంపపు పొట్టుతో పచ్చిక, అట్టతో స్టేషను, అన్నీ ముచ్చటగా అమరుతాయి. బండి గుండ్రంగా తిరిగినంతసేపు చూపరులు చప్పట్లు కొడతారు. పాయింటు మీదికి రాగానే ఇంజను ఒక్క కుదుపుతో ఆగుతుంది. వేలితో తోస్తే మళ్ళీ కదులుతుంది. అందరూ ఇంజనును నిందిస్తారు. నిజానికి నూటికి తొంబై పాళ్ళు దోషం ఇంజనులో ఉండదు, బల్ల క్రింద తీగలలో ఉంటుంది. ఆ తీగల సంగతి క్రమంగా పరిశీలిద్దాం.

కొలతలు

ప్రపంచంలో అత్యధికంగా ప్రచారంలో ఉన్న నమూనా ప్రమాణం హెచ్.ఓ. అందులో ప్రతి వస్తువూ అసలు దానిలో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇది 1,435 మిల్లీమీటర్ల విదేశీ ప్రామాణిక గేజికి సరిపోయే లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు గనుక, లెక్క ప్రకారం మన నమూనాకు 19 మిల్లీమీటర్లకు పైచిలుకు వెడల్పు కావాలి. అయినా బజారులో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లదే కాబట్టి మనవారూ దానినే వాడుతుంటారు. మన దేశంలో ఈ కళను పెద్దయెత్తున చూడదలచినవారికి పుణే నగరంలో 1998లో ప్రారంభమైన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉన్నది.

నమూనా ఇంజనులో చిన్న మోటారు ఉంటుంది. సామాన్య పద్ధతిలో దానికి 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తు చాలు. ఆ విద్యుత్తు ఒక పట్టా నుండి చక్రం ద్వారా ఎక్కి, మోటారును త్రిప్పి, రెండవ పట్టా ద్వారా దిగిపోతుంది. అందుకే నమూనా బండ్ల ఇరుసులలో ఒక వైపు చక్రాన్ని విద్యుద్బంధకంతో వేరుచేస్తారు. లేకుంటే ప్రతి ఇరుసూ రెండు పట్టాలను కలిపివేసి షార్ట్ సర్క్యూట్ చేస్తుంది. పట్టాలే ఇక్కడ విద్యుత్ తీగలు. పట్టా ఎక్కడ తెగితే ప్రవాహం అక్కడ తెగుతుంది. పట్టాలు సహజంగానే తెగి, విడి, మళ్ళీ కలిసే చోటు పాయింటు.

పాయింటు అంగాలు

ఎడమ పట్టా ధనధ్రువమనీ, కుడి పట్టా ఋణధ్రువమనీ అనుకుందాం. కుడివైపునకు చీలే పాయింటును తీసుకుందాం. దీనికి వెలుపల రెండు స్థిరమైన పట్టాలుంటాయి. వీటిని స్టాక్ రైళ్ళంటారు. మనం మూల పట్టాలందాం. వాటి లోపల, కొస సన్నబడి, ఇటూ అటూ జరిగే రెండు నాలుక పట్టాలుంటాయి. ఎడమ నాలుక ఎడమ మూల పట్టాను తాకి ఉంటే బండి కుడివైపు చీలుతుంది. కుడి నాలుక కుడి మూల పట్టాను తాకి ఉంటే బండి తిన్నగా పోతుంది.

ఈ రెండు నాలుకలూ ముందుకు సాగి ఒకచోట ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. రైల్వే భాషలో ఆ చోటు క్రాసింగు. నమూనాకారులు దానిని ఫ్రాగ్ అంటారు. గుర్రపు డెక్క అడుగున ఉండే త్రికోణాకారపు మెత్తని భాగానికి ఆంగ్లంలో ఆ పేరున్నది, ఆ పోలికనుబట్టే పట్టాకూ ఆ పేరు వచ్చిందని చెబుతారు.

చిక్కంతా ఈ ఫ్రాగ్‌లోనే ఉంది. బండి తిన్నగా పోతున్నప్పుడు ఫ్రాగ్ మీద నడిచేది కుడి చక్రం. అంటే ఫ్రాగ్ ఋణధ్రువమై ఉండాలి. బండి చీలిపోతున్నప్పుడు అదే ఫ్రాగ్ మీద నడిచేది ఎడమ చక్రం. అంటే ఫ్రాగ్ ధనధ్రువమై ఉండాలి. ఒకే లోహపు ముక్క ఒకసారి ధనం, మరొకసారి ఋణం కావాలి. రెండు రాజ్యాల సరిహద్దు గ్రామం వంటిది దాని స్థితి. ఎవరి బండి వస్తే వారి శిస్తు కట్టాలి.

రోగమూలం

ఈ చిక్కును తయారీదారులు రెండు విధాలుగా పరిష్కరించారు. మొదటిది ఫ్రాగ్‌ను ప్లాస్టిక్కుతో చేసి, దానికి విద్యుత్తే లేకుండా చేయడం. కొనగానే బిగించి నడపవచ్చు. కాని పొట్టి ఇంజనుకు రెండో మూడో చక్రాలే విద్యుత్తును గ్రహిస్తాయి. అవి మెల్లగా ఆ మృతప్రదేశం మీదికి వచ్చినప్పుడు మోటారు ఆకలితో ఆగిపోతుంది. వేగంగా పోతే ఊపుమీద దాటిపోతుంది కనుక, పరీక్షించేటప్పుడు బాగానే ఉండి ప్రదర్శననాడు మొరాయిస్తుంది.

రెండవ విధం ఫ్రాగ్‌ను లోహంతో చేసి, నాలుకలతో కలిపివేయడం. నాలుక ఏ మూల పట్టాను తాకితే ఆ ధ్రువం నాలుక ద్వారా ఫ్రాగ్‌కు చేరుతుంది. ఊహ చక్కనిదే, కాని మొత్తం భారం నాలుక కొసన ఉన్న సన్నని స్పర్శమీద పడుతుంది. ఆ స్పర్శకు శత్రువులు అనేకం: మన మెట్ట ప్రాంతపు వేసవి దుమ్ము, ఇంజను నుండి చిందే నూనె, లోహంమీద పట్టే చిలుము, నాలుకను నొక్కి ఉంచే స్ప్రింగు బలహీనత. తలవెంట్రుక మందం దుమ్ము చేరినా ప్రవాహం ఆగుతుంది. ఇంకొక దోషమూ ఉంది. విడిగా ఉన్న నాలుక ఈ అమరికలో ఎదురు ధ్రువంతో ఉంటుంది. సరిగా అమరని చక్రం వెనుక భాగం ఆ నాలుకనూ, ప్రక్కనున్న మూల పట్టానూ ఒకేసారి తాకితే షార్ట్ సర్క్యూట్ తప్పదు.

ఇందులోని నీతి ఒక్కటే. కదిలే వస్తువు దారి చూపడానికి పనికివస్తుంది, ప్రవాహాన్ని మోయడానికి పనికిరాదు. తలుపు తెరచుకోవడానికీ మూసుకోవడానికీ ఉన్నది. ఇంటి కప్పును తలుపు మీద నిలబెట్టేవారుండరు గదా!

చికిత్స

పై సూత్రాన్ని అంగీకరిస్తే చికిత్స సులభం. ప్రతి లోహపు ముక్కకూ సొంత తీగ ఇవ్వాలి.

మొదటి మెట్టు: ఫ్రాగ్‌ను నాలుకల నుండి వేరుచేయాలి. ఫ్రాగ్‌కు ముందు నాలుక పట్టాలు రెంటినీ సన్నని రంపంతో కోసి, ఆ ఖాళీ మళ్ళీ మూసుకొనకుండా ప్లాస్టిక్కు ముక్కనో, జిగురునో నింపాలి. ఫ్రాగ్ తరువాత దాని నుండి సాగే రెండు పట్టాలకూ లోహపు జోడురేకులకు బదులు ప్లాస్టిక్కు జోడురేకులు తొడగాలి. ఇప్పుడు ఫ్రాగ్ నలువైపులా నీరున్న లంక వలె ఏకాకి అవుతుంది.

రెండవ మెట్టు: ప్రతి నాలుకనూ దాని ప్రక్కనున్న మూల పట్టాతో ఒక చిన్న తీగ ద్వారా శాశ్వతంగా కలపాలి. ఎడమ నాలుక మీద ఎప్పుడు నడిచినా ఎడమ చక్రమే నడుస్తుంది. కనుక ఎడమ మూల పట్టా ధ్రువమే దానికీ సరిపోతుంది. కుడిదీ అంతే. ఇప్పుడు నాలుక కొస మూల పట్టాను తాకినా తాకకున్నా విద్యుత్తుకు లోటు లేదు. చక్రం వెనుక భాగం రెంటినీ తాకినా అవి ఒకే ధ్రువం గనుక షార్ట్ సర్క్యూట్ లేదు. ఒక్క అంగుళం తీగతో రెండు రోగాలు కుదిరాయి.

మూడవ మెట్టు: ఫ్రాగ్‌కు ఒక తీగ కలిపి, దానిని ధ్రువం మార్చే స్విచ్చుకు చేర్చాలి. ఇదేదో అపురూపమైన పరికరం కాదు. మెట్లదారి దీపాన్ని క్రిందా పైనా ఆర్పడానికి మన ఇళ్ళలో వాడే టూ-వే స్విచ్చు పనిచేసే తీరే దీనిదీ. దానికి మూడు కొసలుంటాయి. మధ్య కొసకు ఫ్రాగ్ తీగ, ప్రక్క కొసలలో ఒకదానికి ఎడమ మూల పట్టా, మరొకదానికి కుడి మూల పట్టా కలపాలి. నాలుకలను జరిపే కడ్డీయే ఈ స్విచ్చునూ నొక్కేటట్లు అమర్చితే, దారి మారినప్పుడల్లా ఫ్రాగ్ ధ్రువం తానే మారుతుంది.

నాల్గవ మెట్టు: పట్టాలకు విద్యుత్తును ఒక్కచోటనే ఇచ్చి ఊరుకోరాదు. నమూనా పట్టాలు సాధారణంగా నికెల్ సిల్వర్ అనే లోహంతో చేస్తారు. పేరులో వెండి ఉన్నా అందులో వెండి లేదు. అది రాగి, నికెలు, తుత్తునాగాల మిశ్రమం. దాని నిరోధం రాగికంటె అనేక రెట్లు ఎక్కువ. అందుచేత బల్ల క్రింద రెండు లావుపాటి రాగితీగలను పొడవునా పరచి, ప్రతి పట్టా ముక్కకూ వాటి నుండి సన్నని పిల్లతీగ ఇవ్వాలి. కాలువ నుండి ప్రతి మడికీ బోదె తీసినట్లన్నమాట.

తీగ లావు ఎందుకో లెక్క వేద్దాం. 1 చదరపు మిల్లీమీటరు మందం, 1 మీటరు పొడవు గల రాగితీగ నిరోధం సుమారు 0.017 ఓములు. బల్ల చివరకు 5 మీటర్లనుకుంటే పోను రాను 10 మీటర్లు. తీగ మందం 0.2 చదరపు మిల్లీమీటరైతే మొత్తం నిరోధం సుమారు 0.86 ఓము. 1 ఆంపియరు ప్రవహిస్తే 0.86 వోల్టు దారిలోనే ఖర్చవుతుంది. 12 వోల్టులలో ఇది 7 శాతం. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటరు తీగ అయితే నష్టం 0.12 వోల్టుకు మించదు. ఆ తీగ మన ఊళ్ళలో ఏ ఎలక్ట్రికల్ దుకాణంలోనైనా దొరుకుతుంది.

అతుకులన్నీ మాటు వేయాలి. మన మెకానిక్కులు సాల్డరింగు అనేది ఇదే. మెలిపెట్టి వదలిన తీగ నేడు పనిచేసి రేపు మోసగిస్తుంది. పట్టాను ముందుగా శుభ్రంచేసి, కాలిన ఇనుమును క్షణకాలం మాత్రమే ఆనించాలి. లేకుంటే క్రింది ప్లాస్టిక్కు స్లీపర్లు కరుగుతాయి. పట్టాలను గరుకు కాగితంతో రుద్దరాదు. ఆ గీతలలోనే మళ్ళీ మురికి చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవడం మేలు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. 230 వోల్టుల గోడ విద్యుత్తు ఏ రూపంలోనూ పట్టాలను చేరరాదు. మంచి ట్రాన్స్‌ఫార్మరుతో, షార్ట్ సర్క్యూట్ రక్షణతో తయారైన నియంత్రకాన్నే కొనాలి. ఈ ఒక్క వస్తువునూ సొంతంగా తయారుచేయబూనరాదు.

కదిలించే యంత్రం

నాలుకలను దూరం నుండి జరపడానికి ఎక్కువగా వాడేది సోలినాయిడ్, అంటే లోపల ఇనుపకడ్డీ కదిలే తీగచుట్ట. దానికి క్షణకాలపు విద్యుత్తే చాలు. బటన్ మీద వేలు మరచిపోతే చుట్ట కాలిపోతుంది. దీనికి విరుగుడు కెపాసిటరు. 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటరును 100 ఓముల నిరోధం ద్వారా 24 వోల్టులకు నింపితే అందులో సుమారు 1.35 జౌళ్ళ శక్తి నిలువ ఉంటుంది. బటన్ నొక్కగానే ఆ శక్తి అంతా ఒక్క దెబ్బలో చుట్టలోకి పోయి నాలుకను గట్టిగా జరుపుతుంది. ఆ తరువాత వేలు తీయకపోయినా నిరోధం అడ్డుపడి పావు ఆంపియరులోపే ప్రవహించనిస్తుంది. రెండు మూడు సెకన్లలో కెపాసిటరు మళ్ళీ నిండుతుంది.

1990ల నుండి వ్యాప్తిలోకి వచ్చిన డిజిటల్ నియంత్రణలో పట్టాలలో ఎల్లప్పుడూ పూర్తి విద్యుత్తు ఉంటుంది, ఇంజనుకు ఆజ్ఞలు కూడ ఆ పట్టాల ద్వారానే పోతాయి. ఆ పద్ధతిలో క్షణకాలపు షార్ట్ సర్క్యూట్ అయినా నియంత్రకం మొత్తం విభాగాన్ని ఆపివేస్తుంది. పాత పద్ధతిలో గడచిపోయిన వైరింగు కొత్త పద్ధతిలో గడవదు. కనుక పాయింటును మొదటే సరిగా అమర్చుకొనడం వివేకం.

నిజం చెప్పే దీపం

ఇంతవరకు బండి ఆగకుండా నడవడం గురించి చెప్పుకొన్నాం. ఇక బండి సరియైన దారిన నడవడం గురించి. నియంత్రణ బల్లమీద పాయింటు ఎటు ఉన్నదో చూపే దీపాలు పెట్టడం పరిపాటి. చాలమంది ఆ దీపాన్ని బటన్‌కు కలుపుతారు. ఇది తప్పు. బటన్‌కు కలిపిన దీపం మన ఆజ్ఞను మనకే వినిపిస్తుంది, నాలుక స్థితిని చెప్పదు. మధ్యలో ఒక రాయి ముక్క అడ్డుపడి నాలుక సగంలో ఆగినా ఆ దీపం నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది.

సరియైన పద్ధతి ఇది. నాలుకలను జరిపే కడ్డీకి రెండు చివరలా రెండు చిన్న స్విచ్చులు పెట్టాలి. నాలుక పూర్తిగా ఆనినప్పుడే ఆ వైపు స్విచ్చు మూసుకోవాలి. దాని ద్వారానే ఆ వైపు దీపం వెలగాలి. 12 వోల్టులకు ఎల్.ఇ.డి. దీపంతో వరుసగా 1,000 ఓముల నిరోధం చాలు. నాలుక మధ్యలో ఆగితే రెండు దీపాలూ ఆరి ఉంటాయి. తీగ తెగినా ఆరి ఉంటాయి. చీకటికి అర్థం 'ఆగు' అని.

అసలు రైల్వేలో దీనినే డిటెక్షన్ అంటారు. నాలుకకూ మూల పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల అడ్డుముక్క పెట్టి పరీక్షిస్తారు. అప్పుడు పాయింటు లాక్ కాకూడదు, సిగ్నలు పచ్చబడకూడదు. ఇదే భావంతో అమెరికా దేశస్థుడు విలియం రాబిన్సన్ 1872లో ట్రాక్ సర్క్యూట్‌కు పేటెంటు పొందాడు. పట్టాలలో ప్రవహించే స్వల్ప విద్యుత్తు ఒక రిలేను పట్టి ఉంచుతుంది. బండి రాగానే దాని ఇరుసులు రెండు పట్టాలనూ కలిపివేయగా రిలే పడిపోయి సిగ్నలు ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా అంతే. నమూనాలో మనకు శత్రువైన షార్ట్ సర్క్యూట్ ఇక్కడ కాపలాదారు కావడం చమత్కారం. ఇటువంటి విద్యలో రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణనిచ్చే ఇరిసెట్ సంస్థ 1957 నుండి మన సికింద్రాబాదులోనే ఉన్నది.

తీగ చెప్పేది అబద్ధమైతే ఏమవుతుందో దేశం 2023 జూన్ 2న చూసింది. ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు ప్రధాన మార్గంలో పొమ్మని సిగ్నలు ఇవ్వబడింది. పాయింటు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నది. ఆ లైనులో నిలిచి ఉన్న గూడ్సును ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నది. దాని పెట్టెలు ఎదురు దిక్కున పోతున్న బెంగళూరు - హౌరా బండినీ తాకాయి. 290 మందికి పైగా మరణించారు. కోరమండల్ మన విజయవాడ మీదుగా మద్రాసు పోయే బండి. అందులో తెలుగువారూ ఉన్నారు. ఆ స్టేషను సిగ్నల్ గుమ్టీలో గతంలో చేసిన సర్క్యూట్ మార్పులోని లోపం, నాడు ఒక లెవెల్ క్రాసింగు గేటు పరికరం మార్చే పనిలోని లోపం కలిసి తప్పు సిగ్నలుకు దారితీశాయని విచారణలో తేలింది. యంత్రం విరగలేదు, ఉక్కు వంగలేదు. తీగ ఒకటి చెప్పింది, నేల మరొకటి చేసింది.

పరీక్ష, పత్రం

అందువల్ల నమూనాలోనైనా రెండు అలవాట్లు పట్టుబడాలి. ఒకటి పరీక్ష. విద్యుత్తు ఇవ్వకముందు మల్టీమీటరుతో ప్రతి ముక్కనూ, పాయింటు రెండు స్థితులలోనూ పరీక్షించాలి. ఫ్రాగ్ ఒక స్థితిలో ఎడమ పట్టాతోను, రెండవ స్థితిలో కుడి పట్టాతోను మాత్రమే కలిసి ఉండాలి. తరువాత రూపాయి బిళ్ళ పరీక్ష. రక్షణ గల నియంత్రకాన్ని ప్రారంభించి, పట్టాలమీద అడ్డంగా రూపాయి నాణెం పెట్టాలి. నియంత్రకం వెంటనే విద్యుత్తును ఆపాలి. ఎక్కడైనా ఆపకపోతే అక్కడికి పోయే తీగ బలహీనమని అర్థం. మూర నిడివికొక చోట ఇలా చూడాలి. చివరగా ఉన్నవాటిలో పొట్టి ఇంజనును అతి నెమ్మదిగా, ముందుకూ వెనుకకూ, రెండు దారులలోనూ నడపాలి. వేగం దోషాలను దాస్తుంది, నెమ్మది వాటిని బయటపెడుతుంది.

రెండవది పత్రం. ఎడమ పట్టా తీగ ఒక రంగు, కుడి పట్టా తీగ ఒక రంగు, ఫ్రాగ్ తీగ మరొక రంగు అని నిర్ణయించుకొని చివరిదాకా పాటించాలి. ప్రతి కొసకూ అంకె చీటీ కట్టి, ఆ అంకెతో పటం గీయాలి. తీగ మార్చిన రోజుననే పటం కూడ మార్చాలి. నేడు తీగలు కలిపిన విద్యార్థి వచ్చే సంవత్సరం కళాశాలలో ఉండడు. వాని తరువాత వచ్చేవాడు బల్ల క్రింద దూరి చూసినప్పుడు వానితో మాట్లాడేది ఆ పటమే.

ఇదంతా పిల్లల ఆట అనుకొనేవారికి ఒక చరిత్ర చెప్పవలసి ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు నమూనా రైళ్ళ సంఘం ఒకటి స్థాపించారు. బల్లమీద రైళ్ళను రంగులతో తీర్చేవారు కొందరు, బల్ల క్రింద టెలిఫోను రిలేలతో పాయింట్లను నడిపేవారు కొందరు. ఆ రెండవ జట్టువారు 1950ల చివర తమ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్లవైపు మళ్ళారు. హ్యాకర్ అనే మాట నేటి అర్థంలో వారి నోటినుండే లోకానికి వ్యాపించింది. పాయింటు ఇటా అటా, తీగ కలిసిందా తెగిందా అన్న ఆలోచనే వారిని ఆ యంత్రాల దాకా నడిపించింది.

కళాశాల విజ్ఞాన సంఘం ఈ పనికి పూనుకొనదలిస్తే పెద్ద నమూనాతో ఆరంభించనక్కరలేదు. ఒక మూరెడు పలక, ఒకే ఒక పాయింటు, రెండు దీపాలు, నాలుగు గజాల తీగ చాలు. పలకను తలక్రిందులుగా త్రిప్పి చూపినా సిగ్గుపడనక్కరలేని విధంగా తీగలు కలపాలి. ప్రదర్శనలో బహుమతి నిర్ణేతలు పైభాగం చూస్తారు. వారిని ఒక్కసారి అడుగుభాగం కూడ చూడవలసిందిగా కోరగల ధైర్యం మన విద్యార్థులకు కలగాలి.